సారా వద్దన్న దేవుడు

నా చిన్నప్పుడు గొల్లపల్లిలో మా అమ్మమ్మ ఇంటికి, ఇప్పపూలు రాలే రోజుల్లో, ఏటా ఒక నొప్పి చుట్టపుచూపుగా వచ్చేది. దిగేది మా మేనమామ కుడికంట్లో. మేకలు అడవి నుంచి ఇంటికి మళ్ళే వేళకు ఠంచనుగా హాజరయ్యేది. గడియారం లేని మా వాడలో ఆడవాళ్ళు మామ మూలుగు విని పొయ్యి రాజేసేవాళ్ళంటే నమ్మండి.

మామకు మాత్రం అది నవ్వులాట కాదు. కంటి వెనక కాల్చిన చువ్వ పెట్టి తిప్పినట్టు ఉండేదట. ఆ ఒక్క కన్నే ఎర్రబడి నీళ్ళు కారేది, ఆ పక్క ముక్కే కారేది. రెండో కన్ను తనకేమీ సంబంధం లేనట్టు, పక్కింటి గొడవ చూస్తున్నట్టు ఉండేది. కూర్చోలేడు, పడుకోలేడు. పందిట్లో ఈ గుంజ నుంచి ఆ గుంజకు ఊగుతూ తిరిగేవాడు. తట్టుకోలేనప్పుడు నుదురు గుంజకేసి కొట్టుకునేవాడు. ఓ గంటకు నొప్పి దానంతటదే దిగిపోయేది. మింగిన తలనొప్పి బిళ్ళ సరిగ్గా అప్పుడు నిద్రలేచేది.

మా వైపు మనిషి కన్ను ఎర్రజేసి, గొణుక్కుంటూ, ఊగుతూ తిరిగాడంటే దానికి ఒకటే అర్థం, దేవుడు పూనాడని. ఆవు తప్పిపోయిన పక్కింటి పెద్దాయన ఒకనాడు మామకు అడ్డంగా నిలబడి దండం పెట్టాడు.

"సామీ, మా ఎర్రావు ఏడున్నదో చెప్పు."

"అవతలికి పో," అన్నాడు మామ పళ్ళు బిగబట్టి.

ఆయన వాగు అవతలికి పోయాడు. ఎర్రావు అక్కడే మేస్తోంది.

ఇక చూడండి. మర్నాటి నుంచి మా పందిరి నిండా జనం. తెలుగులో కొందరు, గోండిలో కొందరు, దోర్లిలో కొందరు అడిగేవారు. మామ ఎవరి భాషలో వాళ్ళను పొమ్మనేవాడు. వచ్చినవాళ్ళు ఊరికే రారు కదా, దొప్పల్లో ఇప్పసారా తెచ్చేవారు. దేవుడికి తెచ్చింది తోసేస్తే తెచ్చినవాళ్ళకు చిన్నతనం. పైగా అది నొప్పిని మొద్దుబారుస్తుందని మామకు ఆశ. తాగేవాడు. కాసేపటికే నొప్పి రెండో విడత మొదలయ్యేది. దేవుడు ఇంకాసేపు ఉన్నాడని జనం సంబరపడేవారు.

రాత్రి సారాకు మామ తెల్లారి లేవలేక, పూలు ఏరే చేతులు రెండు తగ్గాయి. ఆ పూలే సంతలో మా ఉప్పు, మా నూనె. కానీ అమ్మమ్మను పట్టి పీడించింది అది కాదు, గుంజకు తగిలి చిట్లిన కొడుకు నుదురు. సారా పడ్డ రోజే రెండో నొప్పి వస్తోందని ఆమె కనిపెట్టింది. కొడుకుతో చెప్పింది. కన్నతల్లి మాట కాబట్టి వాడు వినలేదు. జనంతో చెప్పింది. దేవుడి మీద నీకు కోపమేంది అక్కా అన్నారు వాళ్ళు.

ఆ సాయంత్రం అమ్మమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. పొద్దున "ఒరేయ్ గాడిదా" అని పిలిచిన కొడుకు ముందే రెండు చేతులూ జోడించింది.

"సామీ, నీకు సారా కావాల్నా, వద్దా?"

నొప్పి నడినెత్తిన ఉన్నప్పుడు ఆ వాసన కూడా మామకు పడలేదు. "వద్దు," అన్నాడు. "ఏం వద్దు. నన్ను తిరగనీయండి."

"ఇన్నరు గదా," అంది అమ్మమ్మ జనం వైపు తిరిగి. "ఈ సామికి సారా పడదు. అడుగుడు పడదు. దారి కావాలంట."

అంతే. ఒకరు పూలు ఆరబోసిన చాప చుట్టారు, ఒకరు పీటలెత్తారు, ఒకరు కట్టెల మోపు పక్కకు లాగారు. మామ ఆ చివర నుంచి ఈ చివరకు అడ్డు లేకుండా తిరిగాడు. దడి పక్కన అందరూ నోరు మూసుకుని నిలబడ్డారు. ఆ తర్వాత మామ అడిగినా ఆ పూల కాలమంతా ఊళ్ళో ఎవరూ చుక్క పోయలేదు. తన నోటితో తనే వద్దన్నాడాయె. నొప్పి పూర్తిగా పోలేదు గానీ రెండో విడత ఆగిపోయింది. పూలు అయిపోయాక మొదటిదీ మూట కట్టుకుంది.

నాకు నిజంగా దేవుడు వచ్చిండా అని మామ తర్వాత అడిగాడు. "సారా వద్దన్నప్పుడు వచ్చిండు," అంది అమ్మమ్మ.

చాలా ఏళ్ళకు దంతెవాడలో ఒక డాక్టరు మామను చూసి ఇది క్లస్టర్ తలనొప్పి అని చెప్పాడు. కొన్ని వారాలు వరుసగా గుత్తిలా వచ్చి, తర్వాత నెలల తరబడి కనిపించదట. ఆ వారాల్లో సారా ముట్టకూడదట. బడి నన్ను మూడో తరగతిలోనే వదిలించుకుంది కాబట్టి ఆ ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగలేదు. మామ దానికి గుత్తినొప్పి అని పేరు పెట్టాడు. అక్కడ ఉండగానే నొప్పి వస్తే, ముక్కుకు మాస్కు పెట్టి సిలిండరు గాలి పట్టారు. పావుగంటలో కన్ను చల్లబడింది. ఇంత అడవి చుట్టూ పెట్టుకుని గాలి పీల్చడానికి దంతెవాడ దాకా వచ్చామని మామ నవ్వి నవ్వి, ఈసారి రెండు కళ్ళతోనూ ఏడ్చాడు. నొప్పి రాకుండా వేసుకునే మందూ అప్పుడే రాసిచ్చారు.

నాకు వైద్యం తెలియదు. తెలిసినవాళ్ళ దగ్గరకు బండి మాట్లాడటం తెలుసు. బండి వచ్చేలోపు, తల పట్టుకుని తిరిగే మనిషిని పడుకోమని సతాయించను. ఏమైందని పదిసార్లు అడగను. వాళ్ళకంటే రెండడుగులు ముందు నడుస్తూ, కాలికి అడ్డమొచ్చే పీటలు తీస్తాను.