మెదడుకు కాపలా కాసిన విమలాబాయి

మా గురువుగారు డాక్టర్ విమలాబాయి పరమపదించారని మొన్న సోమవారం పొద్దున నాందేడ్ నుంచి ఫోను వచ్చేసరికి, నేను ముఖేడ్‌లో నా దవాఖానాలో రోగిని చూస్తున్నాను. స్టెతస్కోపు చెవుల్లోనే ఉంది కానీ ఏమీ వినిపించలేదు. ముందురోజు సాయంత్రమే ఫోనులో నాకు చీవాట్లు పెట్టిన మనిషి తెల్లారేసరికి నిద్రలోనే వెళ్ళిపోవడమేమిటి? నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

పక్షవాత చికిత్సలో ఆమెది అవిశ్రాంత దీక్ష. రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించగానే వైద్యం ముగిసిందనుకునేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. మెదడును ఒంటిచేత్తో కాపాడే దివ్యౌషధమేదీ ఇంకా లేదని, ఉన్న చికిత్సలన్నింటినీ ఏకకాలంలో జోడించాలని ఆమె సిద్ధాంతం. "చేనుకు నీళ్ళిడిస్తె అయిపాయెనా? పురుగును సూడాలె, కలుపును సూడాలె" అని మమ్మల్ని దులిపేవారు. మహానగరాల నుంచి ఎన్ని పిలుపులు వచ్చినా నాందేడ్ ఆసుపత్రి వదిలి కదలలేదు. "ఈడ రోగికి మూడు భాషలల్ల భయమైతది. మూడింట్ల ధైర్యం చెప్పెటోళ్ళు గావాలె" అనేవారు.

ముఖేడ్ మార్కెట్లో ధాన్యం వేలం పాడే సాయన్నకు ఒకనాడు కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. తెలుగు, మరాఠీ, హిందీ కలగలిపి ధర పలికే ఆ గొంతే ఆ ఇంటికి తిండి పెట్టేది. సకాలంలోనే నాందేడ్ తెచ్చారు, గడ్డ కరిగే ఇంజక్షన్ పడింది. మాట మాత్రం రాలేదు. ఎడమ చేత్తో నీళ్ళకు సైగ చేస్తే భార్య గంగామణి గ్లాసు ఎత్తింది. విమలాబాయి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"గుక్కెడన్న పొయ్యనియ్యి బాయీ. దూపకు నీళ్ళు లేదనుడు పాపం గాదా?"

"ఆ పాపం నా ఖాతల రాయి. మింగుడు సక్కగ లేదు, నీళ్ళు ఊపిరితిత్తులల్లకు పోతయి. జ్వరమొస్తె మెదడు ఇంకింత ఖరాబైతది."

గంగామణి ఏడ్చింది, తిట్టింది. గురువుగారు కదలలేదు. జ్వరం, చక్కెర, రక్తపోటు అదుపు తప్పకుండా తానే కనిపెట్టుకుని ఉన్నారు. మింగడం పరీక్షించి సరేననుకున్నాకే చెంచాతో నీళ్ళు తాగించారు. చేతికి వ్యాయామం, నోటికి మాటల అభ్యాసం వెంటనే మొదలుపెట్టించారు. కొన్నాళ్ళకు సూది పట్టుకొచ్చిన నర్సును చూసి సాయన్న "థాంబా" అన్నాడు. మరాఠీలో ఆగమని. తెలుగు మరిచిపోయాడని గంగామణి మళ్ళీ ఏడుపు.

"ఏ భాష ముందొస్తె దాంట్లనే మాట్లాడుండ్రి. మాట పుట్టింది సూడు, హుకుం గూడ మొదలువెట్టిండు" అని గురువుగారు పకపకా నవ్వారు. ఆ నవ్వు ఇక వినబడదంటే గుండె తరుక్కుపోతోంది.

అటువంటి వైద్యురాలికి శిష్యురాలినైనందుకు నేను గర్విస్తున్నాను, ఈ మాట ఎక్కడైనా తలెత్తుకుని చెబుతాను. ఆమె స్థానం భర్తీ చేసే సామర్థ్యం మాలో ఎవరికీ లేదు.

సోమవారం ఆ ఫోను పెట్టేసి నేరుగా మార్కెట్‌కే వెళ్ళాను. వేలం జోరుగా సాగుతోంది. విషయం చెవిన వేయగానే సాయన్న పాట ఆపాడు. తర్వాత బస్తాల మీదికెక్కి కుడి చెయ్యి పైకెత్తాడు. "మన విమలాబాయి పోయింది. ఇయ్యాల బోలీ లేదు, వేలం బంద్." అదే మాట మరాఠీలో చెప్పాడు, హిందీలో చెప్పాడు. కళ్ళు కారుతున్నా ఎక్కడా తడబడలేదు.