గేటు బయట ఉండిపోయినవాళ్లు

మా చిన్నాయన పోయాడు. పోయిన వారం కడప ఆసుపత్రి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి, ‘మీ చిన్నాయన ఇంక ల్యాడప్పా’ అని మాత్రం చెప్పి ఏడ్చింది.

ఆయన సైన్యంలో పనిచేసి కమలాపురం తిరిగొచ్చి సేద్యం చేసుకున్నాడు. కొలువులో ఉండగా, ప్రపంచ దేశాలన్నీ కలిసి పంపిన శాంతి సేనతో ఆఫ్రికాలో ఒక దేశానికి వెళ్లాడు. నీలం టోపీతో దిగిన ఫోటో గోడకు తగిలిస్తామంటే ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ఒకసారి శనక్కాయలు వలుస్తూ చెప్పాడు.

‘పక్క పల్లెటోళ్లు పిల్లోళ్లను ఎత్తుకోని మా క్యాంపు కాడికి ఉరికొచ్చిరి. ఎనక తుపాకులోళ్లు. పట్టినంతమందిని లోపలికి తీసుకుంటిమి. మిగిలినోళ్లు గేటు బయటనే ఉండిపాయిరి. మా మీదికొస్తే తప్ప కాల్చగూడదని రూలు. రూలు మార్చమని పైకి అడిగితే, ప్రపంచ దేశాల సభలో పెద్ద దేశమొకటి చెయ్యెత్తి వద్దనిందంట. జవాబు వచ్చేలోపలే బయట అరుపులు నిలిచిపాయ.’

ఊరి బడిలో జెండా పండుగకు పిలిస్తే కూడా ఇదే చెప్పాడు. ‘ఒక దేశం చెయ్యెత్తి వద్దంటే అంతా ఆగిపోయే పద్ధతి పోవాల పిల్లోళ్లారా’ అన్నాడు. హెడ్మాస్టరు దగ్గరికొచ్చి, ‘ఇవన్నీ ఎందుకప్పా, యుద్ధం కథ ఏదన్నా చెప్పు’ అన్నాడు. చిన్నాయన మైకు పక్కన పెట్టి దిగి వచ్చేశాడు. మళ్లీ ఆయన్ను ఎవరూ పిలవలేదు.

నేను డోన్‌ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్తాను. పుస్తకంలో ‘భద్రత’ అనే మాట దగ్గర నాకు మనుషులు కనిపించేలా చేసింది ఆయనే. ఆ ప్రపంచ దేశాల సభను సంస్కరిస్తారని వార్త వస్తే చాలు, ఫోన్ చేసేవాడు.

‘ఈసారన్నా మారుస్తారాప్పా?’

‘మార్చాలన్నా, ఒక్కటే వద్దని ఆపగలిగే ఆ వీటో హక్కు ఉండే దేశాలే ఒప్పుకోవాల చిన్నాయనా.’

‘అట్లయితే ఎవురికి చెప్పుకోవాలప్పా?’ అన్నాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయడం మానేశాడు.

చివరిసారి చూసినప్పుడు టీవీ ముందు ఉన్నాడు. ఏదో దేశంలో బాంబులు ఆపాలని ఆ సభలో తీర్మానం పెట్టారు. చాలా చేతులు లేచాయి. వ్యతిరేకించేవాళ్లు ఎవరంటే వీటో ఉన్న దేశానిది ఒక్క చెయ్యి లేచింది, తీర్మానం అంతటితో ఆగిపోయింది. చిన్నాయన కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడ్డాడు.

‘కూచ్చో, అన్నం సల్లారిపోతాంది’ అంది చిన్నమ్మ.

వార్తల్లో క్రికెట్ మొదలైంది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.