మనిషి రాకముందు కుట్టిన పాట

మొన్న జగ్గయ్యపేట బజారులో మనవరాలి గౌను కోసం ఒక దర్జీ కొట్టుకు వెళ్లాను. ఇంకా కాలితో తొక్కే మిషనే. ఆ చప్పుడు వినగానే నా కాలు దానంతటదే తాళం వేసింది. మస్తాన్ గారు పోయి ఎన్నేళ్లయినా ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

డెబ్భైల చివర్లో నేను ఇక్కడ బడిలో తెలుగు చెబుతూ, మా నాటక సమాజానికి పాటలు రాసేవాణ్ణి. మస్తాన్ గారు పగలు దర్జీ, నాటకమున్ననాడు హార్మోనిస్టు. మిషను తొక్కుతూనే వరస కట్టేవారు. కాలు ఆగిందంటే నేను మళ్లీ రాయాలన్నమాట. రాణి అడవిలో ఒంటరిగా పాడే పాటను తొమ్మిదిసార్లు రాశాను. నాటకానికి పాట రాయడమంత విసుగు పని మరొకటి లేదు. రాజు వేషధారికి రాగం తీయడానికి చోటు కావాలి, కార్యదర్శికి సినిమా వరస కావాలి. రాణిగా పాడే ఆవిడ ఎవరో నాటకం రోజున బస్సు దిగేదాకా తెలియదు.

ఆ పాటలో మూడో చరణమంటే నాకు ప్రాణం. పైస్థాయిలో, ఎక్కడా ఆగకుండా సాగే పొడవాటి చరణం.

"ఇక్కడ ఊపిరికి చోటేదండీ, పంతులు గారూ?" అన్నారాయన.

"వచ్చేవాళ్లు ఎలాగో పాడుకుంటార్లెండి."

"మనిషిని చూడకుండా జాకెట్టు కత్తిరిస్తున్నాం. లోపల కాస్త గుడ్డ వదలండి."

నేను వదల్లేదు. ఒక్క అక్షరం తగ్గినా ఒప్పుకోనన్నాను.

నాటకం నందిగామలో. రాణి వేషానికి తెనాలి నుంచి వచ్చిన కనకం గారి గొంతు అప్పటికే బొంగురుపోయింది. "జలుబు చేసిందండి. ఆ పెద్ద లైను తగ్గిస్తే పాడేస్తా" అని బతిమాలింది. ఆవిణ్ణి తమ నాటకానికి పిలవాలా వద్దా తేల్చుకోవడానికి కంచికచర్ల సమాజం వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా కుదరదన్నాను. మస్తాన్ గారు నా వంక ఒకసారి చూసి, వెళ్లి హార్మోనియం ముందు కూర్చున్నారు.

మూడో చరణం సగంలో ఆవిడ గొంతు చీలింది. ఎవరో నవ్వారు. మస్తాన్ గారు తల ఎత్తకుండా, ఆగిన చోటే వరస అందుకుని చరణమంతా హార్మోనియం మీదే పలికించారు. ఇక పాడక్కర్లేదని ఆవిడకు అర్థమైంది. నెమ్మదిగా నడిచి, కూలబడి ఏడ్చింది. అది నటన కాదని మా ఇద్దరికే తెలుసు. జనం వన్స్ మోర్ అన్నారు. ఆయన మళ్లీ వాయించలేదు. కంచికచర్ల వాళ్లు ఆవిణ్ణి అక్కడే ఖాయం చేసుకున్నారు.

"నా మాటలన్నీ పోయాయండీ" అన్నాను తర్వాత, సిగ్గు లేకుండా.

ఆయన హార్మోనియం తుడుస్తూ, "పోనీండి. ఆవిడ నిలబడింది" అన్నారు. తిట్టినా బాగుండేది. కనకం గారు నాకు కూడా నమస్కారం పెట్టి బస్సెక్కింది. తప్పయిందని చెప్పలేకపోయాను.

ఆ వరసను ఊళ్లో చాలాకాలం కూనిరాగం తీశారు, మాటల్లేకుండానే. మొన్న కొట్లో నిలబడి ఆ చరణం గుర్తు చేసుకోబోయాను. ఒక్క మాటా రాలేదు. ఊపిరి ఆడని చోటు మాత్రం గుర్తుంది.

దర్జీ కొలతలు రాసుకుంటున్నాడు. "ఎదిగే పిల్ల బాబూ, లోపల కాస్త గుడ్డ వదులు" అన్నాను.