కుప్పలో కలిపిన అనపకాయలు

నిన్న మా కోడలు తమిళనాడులోని మా ధర్మపురి నుంచి పితికిన పప్పు తెచ్చింది. అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ళతో పితికి తొక్క తీసే పనంతా ఎవరో చేసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి అమ్ముతున్నారట. ముడి విప్పి వాసన చూశాను. ఏమీ లేదు. ధనుర్మాసంలో, అదే మా మార్గళిలో, మంచుకు తడిసిన కాయ అయితే, వాసన ఒలిచిన చేతికి జిడ్డులా పట్టుకుని సబ్బుతో తోమినా సాయంకాలం దాకా వదలదు. ఆ వాసన తలుచుకుంటే నాకు నోరూరడం కంటే ముందు కడుపు మండుతుంది. కారణం మా తోడికోడలు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇండూరు చుట్టుపక్కల రైతు కుటుంబాలు కొన్ని కలిసి ధర్మపురిలో సంఘం అంగడి పెట్టుకున్నాం. దళారి లేకుండా, ఏ కాలంలో పండింది ఆ కాలంలో అమ్ముకోవడం. ఎండల్లో మామిడి, వానల్లో సీతాఫలం, చలిలో అనపకాయ. ఎవరి గంప వారిది. అమ్ముడుపోనిది ఇంటికి మోసుకుపోవాలి. నా గంపా, మరిది భార్య గంపా పక్కపక్కనే. ఆమె వేసేది మా అత్తగారి విత్తనం. నాది కడత్తూరులోని మా పుట్టింటి విత్తనం. కాయ అంచున సన్నని ఊదా గీత ఉంటుంది. చూడడానికి నాదే అందం, ప్రమాణం చేసి చెబుతాను. అయినా వచ్చినవాళ్ళ చేతులన్నీ తిన్నగా ఆమె గంపలోకే పోయేవి. పొద్దెక్కకముందే ఆమెది ఖాళీ. నాది సగం నాతోపాటే బస్సెక్కి ఇల్లు చేరేది. ఆ మార్గళి అంతా మా ఇంట్లో పితికిపప్పు కూరే. మా ఆయన తిని ఊరుకోక, "తమ్మునింట్లో తిన్న రుచి దీంట్లో లేదు కదే" అన్నాడు. ఆ పూట ఆయనకు మారు వడ్డించలేదు.

ఓర్వలేనితనం అంటారా, అనండి. నా ఆరాటమంతా ఒక్కటే: నా పుట్టింటి కాయను ఎవరైనా ఒక్కరు చేతికి తీసుకుని, బాగుందనాలి. గంపలు వేరుగా ఉంటే మనలో పొరపొచ్చాలు వస్తాయని సంఘం పెద్దాయనకు నచ్చజెప్పి, అందరి కాయలూ ఒకే కుప్పగా పోయించాను. తోడికోడలు "సరేలే అక్కా" అంది. ఆమెతో వచ్చిన చిక్కే అది, పోట్లాడదు.

మర్నాడు, ఎప్పుడూ ఆమె దగ్గరే కొనే ఒక షెట్టిగారి భార్య వచ్చింది. కుప్ప ముందు గొంతుక్కూర్చుని, ఏరి ఏరి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి చూసి సంచి నింపింది. వంగి చూశాను. అన్నీ ఊదా గీత కాయలే. ఆనందం పట్టలేకపోయాను. ఆవిడ నా తోడికోడలి వైపు తిరిగి, "కుప్పలో పోస్తే నాకు తెల్దా పాపా? నీ కాయ వాసనే వేరే" అంది.

నేను నోరు తెరిచేలోపే తోడికోడలు ఉన్నమాట చెప్పేసింది. "అవి మా అక్కవమ్మా. వాళ్ళ పుట్టింటి విత్తనం. నావి ఈ పక్క ఉండాయి."

"అప్పిడియా, అట్లనా?" అంది ఆవిడ. సంచి బోర్లించి, నా కాయలన్నీ కుప్ప మీద పోసేసి, మళ్ళీ మొదటినుంచి ఏరుకుంది.

తోడికోడలు అబద్ధమాడి ఆ మెప్పు తనే ఉంచుకుని ఉంటే, హాయిగా తిట్టుకుని ఉండేదాన్ని. నిజం చెప్పింది, అదీ నా మేలు కోరి. అడక్కుండా ఇంకొకరికి ఇచ్చేయగలిగినంత మెప్పు ఆమె దగ్గర ఉండింది. ఆ రోజుతో నా ఈర్ష్య ఆమె కాయల్ని వదిలి ఆమె గుణం మీద పడింది. అంగడి మూతపడి చాన్నాళ్ళయింది, ఇద్దరి తలలూ నెరిశాయి. కాలం అన్నీ మరిపిస్తుందంటారు గానీ, నా దాకా రావడానికి దానికింకా తీరిక చిక్కలేదు.