గుసగుసల గురువుగారు, పన్నెండు రాళ్ళ వాచీ

పాతవాచీలకు విలువ కట్టే గురువుగారికి మతి చలించిందని కొందరన్నారు. బ్రహ్మచెవుడని మరికొందరు తేల్చారు. వాచీలకు మంత్రం వేస్తాడని ప్రచారం చేసిన ఘనులూ లేకపోలేదు. ఈ మూడు అభిప్రాయాలకూ ఆధారం ఒక్కటే: ఆయన చెప్పాల్సింది మనుషులతో చెప్పరు, వాచీతో చెబుతారు. అదీ, యజమాని చేతికి పెట్టించి, ఆ చేతిమీదికి వంగి. మంచిమాటైతే కొట్టు దద్దరిల్లేలా, మరో రకం మాటైతే గుసగుసగా. ఆధారం నిజమే. అభిప్రాయాలు మూడూ తప్పు.

ఆ సంగతి ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్‌గారికి ఒకనాటి మధ్యాహ్నం తెలిసివచ్చింది.

ఆవిడ తెచ్చింది భర్త ఇచ్చిన పెళ్ళికానుక. వేలిగోరంత ముఖం, చుట్టూ పన్నెండు రాళ్ళు. దాన్ని మనవరాలికి ఇవ్వాలని ఆవిడ సంకల్పం. కాని అరవై దాటినా ఇంటిల్లిపాదికీ పాపాయిగానే మిగిలిన ఆడపడుచు ఏళ్ళ తరబడి ఒకటే పాట పాడుతోంది: "వదినా, అవి గాజురాళ్ళు. మా అన్నయ్య నీ చెవిలో పువ్వు పెట్టాడు." అడిగి తేల్చుకుందామంటే ఆ అన్నయ్య ఇప్పుడు లేడు. గాజును వజ్రమని పిల్ల చేతికి కట్టడం హెడ్మిస్ట్రెస్‌గారి వల్ల కాదు. ఆయన అబద్ధమాడారని నమ్మడం అంతకన్నా కాదు.

పాపాయి పిలవకుండానే వెంట వచ్చింది.

గురువుగారు లేచి నిలబడ్డారు. "దయచేయండి అమ్మగారూ! ప్రయాణం సుఖంగా జరిగిందా?"

"బస్సులో కాస్త ఇరుకైందండీ," అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు.

"మిమ్మల్ని కాదమ్మా," అన్నారాయన, వాచీకేసి చూపిస్తూ.

"లే వదినా, పోదాం. ఈయనకే ఓ స్క్రూ లూజు," అంది పాపాయి.

"పట్టించుకోకండి అమ్మగారూ," అని వాచీని ఓదార్చి, "వెనక తలుపు తీస్తున్నాను, క్షమించాలి," అంటూ మూత తెరిచి, భూతద్దం హెడ్మిస్ట్రెస్‌గారి చేతికిచ్చారు.

చింతగింజంత చోటులో ఒక ఊరంత పని జరుగుతోంది. పళ్ళున్న చక్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వాటి ఇరుసుల దగ్గర ఆవగింజలకన్నా చిన్న కెంపులు నిప్పుకణాల్లా వెలుగుతున్నాయి. నడుమ ఒక బుల్లి చక్రం ఊపిరి తీసి వదులుతున్నట్టు అటూ ఇటూ ఊగుతోంది. జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన ఆవిడ భూతద్దాన్ని మరికాస్త దగ్గరికి జరుపుకున్నారు.

"ఇన్నేళ్ళూ ఇది నా చేతిమీదే ఉందా?" అన్నారు.

"'వీరు' అనాలమ్మా," అని దిద్దారు గురువుగారు.

హెడ్మిస్ట్రెస్‌గారు బుద్ధిగా దిద్దుకున్నారు.

తర్వాత గురువుగారు మూత బిగించి, వాచీని ఆవిడ చేతికి పెట్టించి, వంగి రాళ్ళమీద "హా" అని ఊపిరి వదిలారు.

"చూశావా వదినా, మంత్రం!" అంది పాపాయి.

"మంత్రం కాదు అమ్మగారూ, ఊపిరి. వజ్రం మీద ఆవిరి నిలవదు. గాజు మీదైతే తిష్ఠ వేస్తుంది."

ఆ మాట వినగానే పాపాయి గోడగడియారాలకేసి తిరిగిపోయింది. గురువుగారు అది గమనించారు.

ఆవిరి వరసగా మాయమైంది. ఆరు అంకె దగ్గర మాత్రం కదలలేదు. మళ్ళీ ఊదారు. మళ్ళీ నిలిచింది.

"అమ్మగారూ!" కొట్టు మారుమోగింది. "మీరు వీరింటికొచ్చిననాడు ఒంటిమీద ఉన్నవన్నీ మేలిమి వజ్రాలే! తెచ్చినాయన మాట నిలబెట్టుకున్నాడు!" ఆపైన గొంతు ఆవిడ చెవి దాటకుండా తగ్గింది. "ఆరు దగ్గరిది మాత్రం గాజు. దాన్ని పట్టుకున్న కొక్కేలు తర్వాతెవరో తెరిచి మూశారు."

హెడ్మిస్ట్రెస్‌గారికి జ్ఞాపకమొచ్చింది. తాను కాపురానికొచ్చిన కొత్తలో పాపాయి ఒక సాయంత్రం స్నేహితురాలింటికి ఆ వాచీ పెట్టుకెళ్ళి, మూడోనాడు తెచ్చిచ్చింది. గాజుపాట మొదలైంది ఆనాడే.

"తమరొకసారి అటు దయచేస్తారా అమ్మగారూ?" అన్నారు గురువుగారు. వాచీ పాపాయి చేతికి మారింది. మళ్ళీ గుసగుస. పాపాయి ముందు తెల్లబోయింది, తర్వాత ఉన్నట్టుండి పకాలున నవ్వింది.

మెట్లు దిగుతుండగా అంది. "వదినా, ఆ ఒక్కటీ నా నిర్వాకమే. గెంతులేస్తూ ఎక్కడో జారవిడిచాను. అన్నీ గాజే అంటే ఆ ఒక్కదాని ఊసు ఎవరూ ఎత్తరనుకున్నాను."

"తెలుసులే."

"ఎప్పటినుంచి?"

"ఇందాకటినుంచి. నీతో ఏమన్నారు?"

"నాతో కాదులే, వాచీతో. 'ఈ గాజు బిగించినవాడు ఘనుడు అమ్మగారూ, ఇన్నేళ్ళయినా ఊడలేదు. పెట్టించినవారు ఇకనైనా హాయిగా నిద్రపోవచ్చు' అన్నాడు."

"ఉండనీ ఆ గాజుని. పిల్లకి ఉన్నదున్నట్టు చెబుదాం. పదకొండు తాతయ్యవి, ఒకటి పాపాయి నాయనమ్మది."

సాక్ష్యమంతా తూచి చూస్తే తేలేదిది. గురువుగారికి మతి బాగుంది, చెవులూ బాగున్నాయి. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. నిజాన్ని, అది ఎవరికి చెందుతుందో వారికి మాత్రమే చెప్పారు.