ఎడమకు లాగే జీపు

తొంభైల చివర్లో అరకులో ఒక షావుకారుగారి సర్వీసు జీపు నడిపేవాణ్ణి. ముందు చక్రాల కమాను పట్టీలు మార్చిన దగ్గర్నుంచి బండి ఎడమకు లాగేసేది. విశాఖ తీసుకెళ్లి చక్రాలకు అలైన్‌మెంట్ చేయిద్దామని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు.

“ఎడం పక్క జనాల్ని ఎక్కువ ఎక్కిత్తన్నావు, అందుకే లాగతంది. కుడి పక్కకి సద్ది కూకోబెట్టు,” అన్నాడు.

సంత రోజున ఆ జీపుకు వేలాడేవాళ్లంతా మా కొండ జనమే. ఘాట్ దిగేటప్పుడు ఎడమ పక్కంతా లోయ. నాకు ఒళ్లు మండింది.

“జనం లేకుండా ఓపాలి మీరే వచ్చి సూడండి బాబూ,” అని ఆయనొక్కణ్ణే ఎక్కించుకుని బయలుదేరాను. తిన్నటి రోడ్డు రాగానే స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఖాళీ జీపు ఎడమకు తిరిగి, రోడ్డు దిగి, కిందుగా పారే గెడ్డ వైపు పోసాగింది. ఆ పక్కన కూర్చున్నది ఆయనే.

“ఏటి సేత్తన్నావురా! పట్టుకో, బేగి పట్టుకో!”

“జనం లేరు కదా బాబూ, మరేటి లాగతంది?”

“బండే! బండే లాగతంది!”

ఆ మాట ఆయన నోట విన్నాకే బ్రేకు తొక్కాను. ముందు చక్రం గెడ్డ అంచున ఆగింది.

మర్నాడు అలైన్‌మెంట్ చేయించాడు. ఆ సాయంత్రమే నన్ను పనిలోంచి తీసేశాడు. నాది తప్పని ఎవరన్నా ఇప్పటికీ ఒప్పుకోను. తర్వాతి సంతకు అదే జీపు ఎక్కాను. కుడి పక్క చోటుందని కొత్త డ్రైవరు చెబుతున్నా వినకుండా, లోయ వైపే వేలాడుతూ వెళ్లాను.