మీసం తీయరాని అచ్చు

నాణెం మీద తనకు రెండు కళ్లూ ఉండాలని అధ్యక్షుడు పట్టుబట్టాడు.

ఆయన ఎనుమాముల మార్కెట్లోని మిర్చి వ్యాపారుల సంఘాల్లో ఒకదానికి పెద్ద. ఏ సంఘమో చెప్పను. ఏటా పచ్చళ్లకు మిరపకాయలు నేను అక్కడే కొనుక్కోవాలి. సంఘం పెట్టి పాతికేళ్లు నిండుతున్నాయని, ఆ పండుగకు సభ్యులందరికీ తలా ఒక వెండి నాణెం పంచాలని తీర్మానం చేసుకున్నారు. దానికి బొమ్మ గీసే పని నాకు వచ్చింది.

నేను వరంగల్‌లో బొమ్మలు గీసి బతికే మనిషిని. పిల్లల వాచకాలకు, పెళ్లి పత్రికలకు, ఎరువుల దుకాణాల క్యాలెండర్లకు, మా చర్చిలో క్రిస్మస్ కార్యక్రమానికి, ఎవరు ఏది అడిగితే అది గీస్తాను. పతకాలు కూడా అంతకుముందు కొన్ని చేశాను. ఒక కాలేజీ వాళ్ల బంగారు పతకం మీద దీపం గీశాను. ఒక క్రికెట్ పోటీ బిళ్ళ మీద బ్యాటు గీశాను. దీపం గానీ బ్యాటు గానీ నా ఇంటికొచ్చి తన పోలిక సరిగా రాలేదని అనలేదు. ఆ సుఖం విలువ నాకు అప్పటికి తెలియదు.

అధ్యక్షుడు అరవై దాటిన బక్కపలచని మనిషి. లోపలికి పోయిన చెంపలు, కొనలు పైకి తిప్పిన గుబురు మీసం. పక్క నుంచి గీసిన ముఖం చూసి ఆయన నొచ్చుకున్నాడు.

“ఒక్క కన్నే పెట్టినవేంది బిడ్డా? రెండోది పోయిందనుకోరా మంది?”

“నాణెం మీద ముఖం పక్కకుంటేనే మంచిగుంటది సార్. ఎదురుంగ పెడితే ముక్కు ఎత్తుగ లేస్తది. చేతులు మారినకొద్ది ముందు అదే అరిగిపోతది.”

“అరగనీ. ముక్కుతోని నాకేం పని? కండ్లుండాలె.”

సరేనని ఎదురుగా ఒకటి గీశాను. అది చూసి కమిటీ వాళ్లు ఓటరు కార్డు ఫొటోలా ఉందన్నారు. ఆయన మాత్రం తగ్గలేదు. చివరికి ఆయన భార్య వచ్చి తేల్చింది. రెండు బొమ్మలూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, “ఈయన పక్కకెల్లే మంచిగుంటడు బిడ్డా. ఎదురుంగ చూస్తే ఎప్పుడు ఎవల్నో తిడుతున్నట్టే కనబడతడు” అంది. ఆయన ఒప్పుకున్నాడు. పోయిన కన్నుకు బదులు మీసం పెంచమన్నాడు. ఇంకాస్త గుబురుగా, ఇంకాస్త పైకి. ఆయన వచ్చినప్పుడల్లా పెంచుతూ పోయాను. పని ముగిసేసరికి సగం చెంప మీసం కిందికి పోయింది.

బొరుసు వైపు ఏముండాలన్న దాని మీద కమిటీ సమావేశం పెట్టింది. నన్నూ పిలిచారు. నాణెం అరచేతిలో ఇమిడిపోయేంతే. దాని మీద మిరపకాయలు, పత్తికాయ, కాంటా, కాకతీయ తోరణం, లోడుతో లారీ ఉండాలన్నారు. ఒకాయన సంఘం ఫోన్ నంబరు కూడా వేయమన్నాడు. ఒక్కొక్కటే తీయించి, మిరపకాయలూ తోరణం దగ్గరకు తెచ్చేసరికి నా గొంతు పోయింది. అప్పుడు కోశాధికారి లేచాడు.

“అంత బాగనే ఉన్నది మేడమ్. మిర్చి మాత్రం ఎర్రగుండాలె.”

“వెండిది సార్ ఇది. రంగు రాదు.”

“మరి చూసినోళ్లు బెండకాయ అనుకుంటే?”

ఎవరూ నవ్వలేదు. అది నిజంగానే ఆలోచించవలసిన సంగతి అన్నట్టు అందరూ నా వైపు చూశారు. అంతలో ఏ రకం కాయ వేయాలన్న గొడవ మొదలైంది. సన్నగా పొడుగ్గా ఉండే తేజ కాయ వేయాలని కొందరు, మన వరంగల్ పేరు నిలబెట్టింది చపాటా గనుక అదే వేయాలని కొందరు. చపాటా పొట్టిగా, లావుగా టమాటా పోలికతో ఉంటుంది. రెండూ వేస్తానని చెప్పి బయటపడ్డాను. ఎండు కాయలు రెండు రకాలూ తెచ్చి బల్ల మీద పోసుకుని, తొడిమ ఎక్కడ వంకర తిరుగుతుందో, తోలు ఎక్కడ ముడతలు పడుతుందో వారం రోజులు గీశాను. ఇంటిల్లిపాదీ తుమ్మాం. మా ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని, “మల్లెపూల సంఘమోళ్లు ఎవలన్న ఉంటే వాళ్ల పని ఒప్పుకోరాదు?” అని అడిగాడు.

బొమ్మ ఖాయమయ్యాక పాత బజారులో అచ్చులు చెక్కే ఆయనకు ఇచ్చాం. ఆయన ఉక్కు దిమ్మె మీద అధ్యక్షుణ్ని చెక్కాడు. అచ్చు మీద అన్నీ తారుమారుగా ఉంటాయి. నాణెం మీద ఎత్తుగా కనబడాల్సింది అచ్చులో గుంటగా ఉంటుంది. మీసం చాలా పెద్ద గుంట అయింది.

అచ్చు పూర్తయిన వారానికి సంఘం ఎన్నికలు జరిగాయి. ఎప్పుడూ పోటీ లేకుండా జరిగేవి. ఈసారి పోటీ పడింది, అధ్యక్షుడు ఓడిపోయాడు. ఆయన ఓడిపోతాడని ఎవరూ అనుకోలేదు, ఓడించిన వాళ్లతో సహా.

గెలిచినాయన పరకాల వైపు నుంచి వచ్చి రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి వ్యాపారంలో స్థిరపడిన మనిషి. నాకన్నా కాస్త చిన్నవాడు. గుండ్రటి ముఖం, నిండైన చెంపలు, రోజూ నున్నగా గీసుకునే పై పెదవి. మిఠాయి డబ్బాతో మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

“అక్కా, అచ్చు అయిపోయిందట గదా?”

“అయింది సార్.”

“అండ్ల పాతాయన ఉన్నడు.”

“ఉన్నడు.”

“జర నా లెక్క చేయరాదు?”

కొత్త అచ్చు చెక్కించుకోమన్నాను. అప్పటికే అడిగొచ్చాడట. అచ్చులాయన చేతినిండా పనితో ఉన్నాడు, పెళ్లిళ్ల సీజన్ దాటితే గానీ కొత్తది మొదలుపెట్టనన్నాడు. పండుగ వెనక్కి జరపమన్నాను. ముఖ్య అతిథి తేదీ ఇచ్చేశాడు, ఆ తేదీ దొరకడానికే నెలలు తిరిగారట. వాళ్ల లెక్కలో అతిథి తేదీ మార్చడం కన్నా అధ్యక్షుడి ముఖం మార్చడం తేలిక.

అచ్చు సంగతి ఆయనకు వివరంగా చెప్పాను. “అండ్ల గుంట ఉన్నకాడ నాణెం మీద ఉబ్బొస్తది సార్. గుంట ఇంకింత లోతు చేయొచ్చు, పూడ్చరాదు. అంటే చెంపలు పెంచొచ్చు, గదుమ పెంచొచ్చు, మెడకు ఇంకో మడత పెట్టొచ్చు. ఉన్నదాన్ని తీసేసుడు మాత్రం కాదు.”

ఆయన ముఖం విప్పారింది. పెంచాల్సినవన్నీ ఆయన దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. తర్వాత అనుమానంగా అడిగాడు.

“మరి మీసం?”

“మీసం ఉంటది.”

“నాకు లేదు గదా అక్కా.”

“లేదు.”

ఆయన పై పెదవి మీద వేలు అటూ ఇటూ రాసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. నేను టీ తెచ్చి పెట్టాను. కప్పు ఖాళీ చేసి లేచి, “ఫికర్ లేదు. పెంచుత” అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. వారం తర్వాత మార్కెట్ దగ్గర కనబడితే నిజంగానే పెంచుతున్నాడు. పాపం, అది సగం నల్లగా సగం తెల్లగా వచ్చింది. దానికి రంగు వేస్తే రంగు పెదవికి అంటింది. కొత్త అధ్యక్షుడికి ఈ మీసం ఏమిటని మార్కెట్లో అందరూ అడగడం మొదలుపెట్టారు. నిజం చెప్పలేడు కదా, “పాలకుర్తి గుట్ట మీది దేవునికి మొక్కుకున్న” అని చెప్పాడు. గెలిపించినందుకు మొక్కు చెల్లిస్తున్నాడని నలుగురూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు. ఒక ఆదివారం జీపు మాట్లాడి ఆయన్ను గుట్టకు తీసుకుపోయారు.

ఆ ఆదివారం నేను చర్చి నుంచి ఇంటికి వస్తుండగా ఆయన ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

“అక్కా, దర్శనం అయింది. ఇగ మొక్కు తీరింది గదా, మీసం తీసెయ్యమంటాండ్రు. మంగలాయన్ను గూడ పిలిచిండ్రు. నీళ్లు చల్లుతాండు.”

నడిరోడ్డు మీద ఆగిపోయాను. అప్పటికే అచ్చు మీద గడ్డం కింద రెండో గదుమ సగం చెక్కించాం. వెనక్కి పోయే దారి లేదు.

“మొక్కు పండుగ దాక ఉన్నదని చెప్పుండ్రి. సంఘం కోసం మొక్కిన్రు గదా, సంఘం పండుగ కావద్దా?”

“గది మంచిగున్నది అక్కా” అని పెట్టేశాడు. ఆ మాటతో మార్కెట్లో ఆయన గౌరవం ఇంకో మెట్టు పెరిగిందని తర్వాత విన్నాను.

ఆ రోజుల్లో నేను దాదాపు రోజూ అచ్చులాయన దుకాణానికి పోయేదాన్ని. ఎక్కడ లోతు చేయాలో పలచని కాగితం మీద గుర్తులు పెట్టి ఇచ్చేదాన్ని. ఆయన కాస్త చెక్కి, మైనం ఒత్తి చూపేవాడు. మొదటి రోజు మైనంలో బక్క మనిషికి జబ్బు చేసి ముఖం వాచినట్టుంది. తర్వాత చెంప కిందికి ఒక వంపు, మెడ దగ్గర ఒక నీడ వచ్చేసరికి అది ఒక మనిషిలా కుదురుకుంది. కొత్తాయన కాదు, పాతాయన కాదు. ఇద్దరికీ దూరపు చుట్టంలా ఉన్నాడు. కన్ను మాత్రం ముట్టుకోలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ పని నాకు నచ్చింది. పోలిక తేవడం ఎన్నోసార్లు చేశాను. పోలికను ఇద్దరి మధ్య నిలబెట్టడం అదే మొదలు.

పండుగ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. వేదిక వెనక నాణెం బొమ్మను ఫ్లెక్సీ చేయించి కట్టారు. ముఖ్య అతిథి బాగా ఆలస్యంగా వచ్చి, ఇది పత్తి రైతుల సంఘం అనుకుని పత్తి గురించి చక్కగా మాట్లాడి, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. సభ్యులకు చిన్న ఎర్ర పెట్టెల్లో నాణేలు పంచారు. నా వెనక వరసలో ఇద్దరు పెట్టెలు తెరిచి చూసుకుంటున్నారు.

“పాత సారు జర బలిసిండు గదనే.”

“పాత సారెక్కడ? కొత్తాయన. మీసం చూడు.”

“మీసమే పాతాయనది అంటాన.”

“మరి గదుమ ఎవలది?”

వేదిక మీద కొత్త అధ్యక్షుడు నాణెం చెంప పక్కన పట్టుకుని, ముఖం పక్కకు తిప్పి ఫొటోలు దిగుతున్నాడు. ఆయన భార్య మొదటి వరసలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆవిడకు రెండు కుర్చీల అవతల మాజీ అధ్యక్షుడు కూర్చున్నాడు. పెట్టె తెరిచాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. నాణెం జేబులో వేసుకున్నాడు. అప్పటిదాకా నవ్వులాటగా తోచిన పని నాకు ఒక్కసారిగా బరువైపోయింది. ఓడిపోయిన మనిషి ముఖాన్ని ఆయన్ను అడగకుండా ఇంకొకరికి తొడిగాం. అప్పుడే నన్ను వేదిక మీదికి పిలిచారు. ముగ్గుల పోటీల్లో ఎన్నో బహుమతులు గెలిచిన మేడమ్ అని పరిచయం చేసి శాలువా కప్పారు. నేనెప్పుడూ ముగ్గుల పోటీకి పోలేదు. నమస్కారం పెట్టి దిగొచ్చాను.

మర్నాడు మాజీ అధ్యక్షుడు మా ఇంటికొచ్చాడు. గేటు దగ్గర చూసి మా ఆయన, “నువ్వే మాట్లాడుకో” అని లోపలికి పోయాడు. ఆయన కూర్చుని, జేబులోంచి నాణెం తీసి బల్ల మీద పెట్టాడు.

“నిజం చెప్పు బిడ్డా. ఇది నేనేనా?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “మీతోనే మొదలువెట్టినం సార్. కన్ను మీదే, మీసం మీదే. తక్కినదంత కొత్తాయనది.” అచ్చు పూడ్చరాదన్న సంగతి, మీసం సంగతి, గుట్ట మీద మంగలాయన సంగతి, దాచకుండా అంతా చెప్పాను.

ఆయన వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మా ఆయన తలుపు సందులోంచి తొంగిచూశాడు.

“నేను ఓడిపోయిన్నాడు ఒక్కడు ఫోన్ చేయలే బిడ్డా” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “ఎదురొచ్చినోడు గూడ వేరే గల్లీల మల్లిండు. రాత్రి సంది చూడు, ఆగకుంట ఫోన్లు. సార్, నాణెం మీద మీరే ఉన్నరు, ఆళ్లు ఏం చేసినా మిమ్ముల తీసెయ్యలేకపోయిండ్రు అంటాండ్రు. ఓటేయనోళ్లు గూడ చేస్తాండ్రు.”

“కొత్తాయన కూడా పొద్దున చేసిండు సార్. అచ్చం ఆయన లెక్కనే ఉన్నదని అందరు అంటాండ్రట. మస్తు ఖుషీగ ఉన్నడు.”

ఆయన నవ్వు ఆపి నాణెం చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ జేబులో వేసుకుంటూ, “ఆయనకు ఏం చెప్పకు బిడ్డా. పాపం, అంత కష్టపడి పెంచుకున్నడు” అన్నాడు. తర్వాత టీ అడిగి తాగాడు. తను మొదట ఈ వ్యాపారంలోకి వచ్చినప్పుడు మిర్చి బస్తాల మీద పడుకుని ఒళ్లంతా మంటలెత్తిన కథ చెప్పాడు. అధ్యక్షుడిగా ఉన్నంతకాలం మా ఇంట్లో ఆయన మీసం గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనం దాకా కూర్చున్నాడు.

కొత్తాయన ఇప్పటికీ మీసం తీయలేదు. తీస్తే నాణెం మీదున్నది ఎవరని అడుగుతారని భయం. పోయిన నెల మిరపకాయలు కొనడానికి మార్కెట్‌కు పోయినప్పుడు చూశాను. ఆయన అడ్తి దుకాణంలో పాతాయన బాసింపట్టు వేసుకుని కూర్చుని, మీసానికి రంగు పెదవికి అంటకుండా ఎట్లా వేసుకోవాలో ఓపిగ్గా చెబుతున్నాడు. కొత్తాయన తల ఊపుతూ వింటున్నాడు.